చెడ్డ ఏడాది ఎవరి పద్దు?

దివాలా పిటిషనుకు జతచేసే అప్పుల షెడ్యూలులో పెద్ద బాకీలే ముందుంటాయి. ప్రామిసరీ నోట్లు, తాకట్లు, చీటీ బాకీలు, ఎరువుల కొట్లో పద్దులు. తెనాలి కోర్టుల దగ్గర ప్లీడరు గుమాస్తాగా బతికినవాణ్ణి కాబట్టి అలాంటి షెడ్యూళ్లు నా చేత్తో ఎన్నో రాశాను. ఆఖరి పేజీకి వచ్చాక "ఇంకెవరికైనా ఇవ్వాలా?" అని అడిగితే, పార్టీ కాసేపు తల వంచుకుని అప్పుడు చెప్పేవాడు. పాలామెకు రెండు నెలలు, పేపరు ఏజెంటుకు మూడు నెలలు, బట్టలుతికే అతనికి పండగ నుంచీ ఇవ్వలేదు. మా ప్లీడరు గారు కళ్లజోడు తీసి, "నలభై రూపాయల కోసం ఆవిడకి కోర్టు నోటీసు పంపుతావుటయ్యా?" అనేవారు. అప్పులిచ్చినవాళ్లందరి పేర్లూ, ఊళ్లూ, మొత్తాలూ రాయాలని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం చెబుతుంది. అందువల్ల కొన్ని రాసేవాళ్లం. కొన్నిటిని ఆ పెద్దమనిషే "నేను చూసుకుంటాలెండి" అనేవాడు.

మా ప్రాంతంలో ఐ.పి. పెట్టడం, అంటే దివాలా పిటిషను వేయడం, అంటే చదువురానివాడికీ అర్థమవుతుంది. కాని ఐ.పి. పెట్టే స్థితికి రాకముందు, ఇల్లు మెల్లగా చితికిపోయే ఆ ఏడాదో రెండేళ్లో, నెలనెలా ఇచ్చుకోవాల్సిన చిన్న చిన్న మొత్తాలను మనవాళ్లు ఎలా నెట్టుకొచ్చారన్నది ఏ రికార్డులోనూ ఉండదు. ఆ చరిత్రనంతా ఒకే ప్రశ్న పట్టుకుని చూడొచ్చునని నా అనుభవం. చెడ్డ ఏడాది వచ్చినప్పుడు ఆ నష్టాన్ని ఎవరి పద్దులో రాశారు?

నెల జీతాలు రాకముందు పల్లెల్లో ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు ఏడాది లెక్కన నడిచేవి. కమ్మరి కర్రు సాగదీసేవాడు, వడ్రంగి నాగలి బాగుచేసేవాడు, కుమ్మరి కుండలిచ్చేవాడు, బట్టలుతికేవాళ్లూ క్షవరం చేసేవాళ్లూ ఇంటింటికీ వచ్చేవాళ్లు. ఏ పూటకా పూట డబ్బు లేదు. నూర్పిళ్లప్పుడు కళ్లంలో రాశి కొలిచేటప్పుడు ఎవరి మేర వాళ్లకు ధాన్యంగా కొలిచి ఇచ్చేవారు. పంట పండితే మేర నిండుగా ఉండేది, ఎండితే మేర కూడా ఎండేది. రైతు వెళ్లి "ఈ ఏడు తగ్గించుకో" అని బతిమాలాల్సిన పని లేకుండా కొలతలోనే ఆ తగ్గింపు ఉండేది.

వినడానికి ఇది బాగానే ఉంటుంది. కానీ కరువు ఏడాది రైతుకు గాదెలో పాత గింజలైనా ఉండేవి, కమ్మరికి అవీ ఉండేవి కావు. పైగా ఆ పని మానుకుని వేరే పని చూసుకునే స్వేచ్ఛ కులం కట్టుబాటు వల్ల అతనికి లేదు. చెడ్డ ఏడాదిని ఇద్దరూ పంచుకున్నారన్న మాట నిజమే. సమానంగా పంచుకున్నారని మాత్రం ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

రైలు, మిల్లు, కోర్టు, బడి వచ్చి పట్నాల్లో నెల జీతగాళ్లు పెరిగాక లెక్క నెలకు మారింది. పాలవాడుక అన్నిటికన్నా పాతది. తెల్లవారకముందే గేదెను గుమ్మం ముందుకు తోలుకొచ్చి పితికి పోసేవాళ్లుండేవారు, బిందెతో తెచ్చి కొలిచేవాళ్లుండేవారు. వంటింటి గోడ మీద సున్నంతోనో బొగ్గుతోనో గీతలు గీసేవారు. పాలామె గీతలు ఆమెకూ ఉండేవి. నెలాఖరున రెండు లెక్కలూ కలవకపోతే కాసేపు గొడవ, ఆ తరవాత కాఫీ.

ఆ ఇంటి యజమాని వ్యాపారం దెబ్బతింటే ముందుగా తెలిసేది పాలామెకే. తవ్వెడు పోయించుకునేవాళ్లు సోలకు, సోల నుంచి గిద్దెలకు దిగేవారు. ఒక్కసారిగా మాన్పించేవారు కాదు. మాన్పిస్తే వీధిలో తెలిసిపోతుంది. తెలిస్తే నోటు మీద అప్పిచ్చినవాడు మర్నాడే వచ్చి కూర్చుంటాడు. అందుకే మా దగ్గరకొచ్చిన చాలామంది ముందు ఆపాల్సినవాటిని ఆఖరున ఆపారు. గుమ్మంలో పేపరు పడకపోతే పరువు పోతుందని పేపరు ఆపకుండా, ఎవరికీ కనపడదు కదా అని ఇన్సూరెన్సు ప్రీమియం ఆపినవాళ్లను నేనెరుగుదును.

అయితే గుమ్మంలో నిలబడి డబ్బడిగేది మనిషి కాబట్టి మాట నడిచేది. "పంట డబ్బులు రాగానే ఇస్తానమ్మా." "సరేగానీ పండక్కి మాత్రం చూడండయ్యా." ఆ బాకీకి వడ్డీ లేదు. ఆమె కూడా పేదదే. మన చెడ్డ నెలలో కొంత తన నెత్తిన వేసుకుని మోసేది. దివాలా చట్టం పనివాళ్లను బొత్తిగా మరిచిపోలేదు. పిటిషను వేయడానికి ముందు నాలుగు నెలల్లో చేసిన పనికి గుమాస్తా, నౌకరు, కూలీలకు రావలసిన జీతాన్ని మామూలు అప్పులకన్నా ముందు చెల్లించమంది. ఎంత? చట్టం పుట్టినప్పుడు రాసిన అంకె 20 రూపాయలు. పాలామె జీతగత్తె కాదు కాబట్టి ఆమెకు ఆ ముందు వరుస కూడా లేదు.

ఇంకో చిక్కు కూడా ఉండేది. దివాలా తీయబోయేవాడు నచ్చిన ఒక్క ఋణదాతకు మేలు చేయాలని ముందుగా చెల్లించేస్తే, అది పిటిషనుకు ముందు మూడు నెలల లోపు జరిగి ఉంటే, ఆ చెల్లింపు చెల్లకుండా పోతుంది. ఒక నూనె మిల్లు ఆసామి భయపడుతూ, "పాలబాకీ ఇచ్చేస్తే కూడా తప్పేనాండీ?" అని అడిగాడు. మా ప్లీడరు గారు నవ్వి, "బావమరిది నోటు తీర్చేస్తే తప్పు. పిల్లలు తాగిన పాలకు ఇస్తే ఎవడూ కోర్టుకు రాడు" అన్నారు. చట్టంలో అలా రాసి లేదు, లోకం అలా ఉందని ఆయన ఉద్దేశం.

పత్రికల చందాలది వేరే దారి. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చింది. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక అంతకన్నా ముందుది. పల్లెల్లో చందాదారులకు ఇవి టపాలో అందేవి. చందా ఏడాదికో ఆర్నెల్లకో. గడువు తీరితే వచ్చే సంచికను వి.పి.పి.లో పంపేవారు. పోస్టుమాన్ చేతిలో డబ్బు పెడితేనే కట్ట చేతికొస్తుంది. వద్దనుకున్నవాడు "తిప్పి పంపెయ్యి" అంటే చాలు, ఆ నిమిషంతో చందా తెగిపోయేది. పోనూ రానూ టపా ఖర్చు పత్రికాఫీసుది. కొందరు మొహమాటపడి ఇంట్లో లేమనిపించేవారు.

చందా ఆపినవాడు చదవడం ఆపలేదు. వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు ఆ రోజుల్లో ఊరూరా పుట్టుకొచ్చాయి. ఇంటికి పేపరు తెప్పించుకోలేనివాడు అక్కడి బల్ల దగ్గర కూర్చుని తెప్పించుకోగలవాడితో పాటే చదివాడు. మా వీధిలో వారపత్రిక ఒకరింటికి వచ్చేది, నాలుగిళ్లు తిరిగేది, అట్ట ఊడిపోయాక మళ్లీ సొంతదారుకు చేరేది. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకే ఖర్చును నలుగురు మోయడమన్నది మన వీధులకు కొత్త కాదు.

కట్టేవాళ్లు కట్టకపోతే పుచ్చుకునేవాడే దివాలా తీయడం కూడా చరిత్రలో ఉంది. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జులైలో బొంబాయిలో, ఆగస్టులో కలకత్తాలో రేడియో కేంద్రాలు తెరిచింది. రేడియో ఉన్నవాడు ఏడాదికి 10 రూపాయలు లైసెన్సు కట్టాలి. అందులో నూటికి 80 కంపెనీకి. సెట్లు కొన్నవాళ్లే తక్కువ, కొన్నవాళ్లలో లైసెన్సు ఎగ్గొట్టినవాళ్లు చాలామంది. లైసెన్సులు కొన్ని వేలు దాటలేదు. 1930 మార్చిలో కంపెనీ మూతపడి లిక్విడేషనుకు పోయింది. తరవాత ప్రభుత్వమే నడపాల్సి వచ్చింది. మద్రాసులో అంతకుముందే 1924లో మొదలైన రేడియో క్లబ్బు కూడా డబ్బు చాలకే 1927లో ఆగిపోయింది.

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాక మా వైపు రేడియోలు పెరిగాయి. ఏటా పోస్టాఫీసుకెళ్లి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. చేతిలో డబ్బులేని ఏడాది కొందరు రేడియోను గోనెసంచిలో చుట్టి అటకెక్కించేవారు. వాడకపోతే లైసెన్సు అక్కర్లేదని వాళ్ల నమ్మకం. సెట్టు ఉంటే చాలు లైసెన్సు ఉండాలని చట్టం. 1980ల నడుమ ఇళ్లలోని రేడియోలకు ఆ లైసెన్సే ఎత్తేయడంతో అటకకూ పోస్టాఫీసుకూ ఆ బాధ తప్పింది.

చెడ్డ ఏడాది సంగతి ముందే ఊహించి కాగితం మీద రాసిపెట్టింది జీవిత బీమా ఒక్కటే. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు పెట్టాక కోస్తా జిల్లాల్లో ప్రీమియం మాట ఇళ్లలోకి వచ్చింది. 1956 సెప్టెంబరు 1న ఎల్.ఐ.సి. ఏర్పడి ఇలాంటి కంపెనీలన్నిటినీ కలుపుకుంది. ప్రీమియం గడువు దాటినా కొన్నాళ్లు వెసులుబాటు ఉంటుంది. నెలవారీ అయితే 15 రోజులు, మూణ్నెల్లకో ఏడాదికో కట్టేదైతే కనీసం 30 రోజులు. కొంతకాలం కట్టాక ఆపేస్తే కట్టినదంతా గంగపాలు కాకుండా 1938 ఇన్సూరెన్సు చట్టంలోనే ఏర్పాటు ఉంది. పాలసీ తిరిగి ఇచ్చేసి కొంత డబ్బు తెచ్చుకోవచ్చు, లేదా తగ్గిన మొత్తానికి పాలసీని అలాగే ఉంచుకోవచ్చు. డిక్రీదారు జప్తుకొచ్చినా నాగలి, ఎడ్లు, వంటపాత్రలు, మంగళసూత్రం జోలికి పోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చెబుతుంది. 1976 సవరణ తరవాత ఆ వరుసలో జీవిత బీమా సొమ్ము కూడా చేరింది. అయినా మావాళ్లు ముందు ఆపేది దాన్నే. ఏజెంటు ఏడాదికోసారి కనిపిస్తాడు. పాలామె రోజూ కనిపిస్తుంది. ఎదురుపడే మొహానికే ముందు డబ్బు చేరుతుంది.

చీటీపాటలో లెక్క ఇంకా కటువు. పాట పాడనివాడు మధ్యలో కట్టలేకపోతే నోటీసిచ్చి తీసేసి ఇంకొకరిని చేర్చుకుంటారు, అతను కట్టినది లెక్కచూసి తరవాత ఇస్తారు. పాడుకుని డబ్బు తీసుకున్నవాడు ఆపితే మాత్రం మిగతా వాయిదాలన్నీ ఒక్కసారే కట్టమని చీటీ నడిపే ఫోర్‌మన్ అడగవచ్చు. 1982 చిట్‌ఫండ్ చట్టంలో ఈ తేడా స్పష్టంగా ఉంది. మా షెడ్యూళ్లలో చీటీ బాకీ ఉన్న ప్రతిచోటా ఒకటే కథ. మొదటి నెలల్లోనే చీటీ పాడి పాత అప్పులో పోసి, తరవాతి కిస్తీలకు కొత్త నోటు రాసినవాళ్లు.

గుమ్మంలోకి వచ్చే మనిషి గురించి నేను మరీ తీపిగా చెప్పానని ఎవరికైనా అనిపిస్తే, 2010 గుర్తుచేస్తాను. సూక్ష్మరుణాల కిస్తీ వారం వారం కట్టాలి. ఒకామె కట్టకపోతే గుంపులో మిగతా ఆడవాళ్లు కట్టాలి. వసూలుకొచ్చినవాడు డబ్బు అందేదాకా అరుగు మీద కూర్చునేవాడు, తోటి ఆడవాళ్లనే ఆమె మీదికి ఉసిగొలిపేవాడు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారం కిస్తీని నెల కిస్తీగా మార్చింది. వసూలు ఇళ్ల దగ్గర కాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే జరగాలంది. పాలామె, ఆ వసూలుదారు వచ్చింది ఒకే గుమ్మంలోకి. తేడా వాళ్ల మంచితనంలో లేదు. పాలామె తన పాలకు తానే యజమాని, ఆగుతానంటే ఆగగలదు. అతని వెనక టార్గెట్టు ఉంది, ఆగే అధికారం లేదు.

ఇప్పుడు గుమ్మంలోకి ఎవరూ రారు. మా అన్నయ్య మనవడు హైదరాబాదులో ఉద్యోగం పోయి ఇంటికొచ్చాడు. "ఖర్చులేం లేవు తాతయ్యా, ఊరికే డబ్బులు పోతున్నాయి" అన్నాడు. పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీయించమన్నాను. ఒక్క నెలది చూస్తే ఏడాదికోసారి కోసుకుపోయేవి కనపడవు. పాత అలవాటు కొద్దీ ఎ, బి, సి అని మూడు షెడ్యూళ్లు రాశాను.

ఎ షెడ్యూలు: ఆపితే సేవ ఆగిపోవడం తప్ప ఇంకే నష్టమూ లేనివి. సినిమాల యాప్‌లు, పాటలు, జిమ్ము, ఫొటోలు దాచుకునే చోటు. ఫొటోలు వేరేచోటికి ఎక్కించాకే ఆ చివరిది ఆపమన్నాను. బి షెడ్యూలు: ఆపితే ఇంతకుముందు కట్టినదానికీ దెబ్బ తగిలేవి. ఆరోగ్య బీమా మధ్యలో తెగితే, పాత జబ్బులకు అన్నాళ్లూ గడిపిన నిరీక్షణ కాలమంతా వృథా. సి షెడ్యూలు: అసలైన అప్పులు, అంటే బండి కిస్తీ, క్రెడిట్ కార్డు. వీటి ఆటోపే ఆపినంత మాత్రాన అప్పు ఆగదు. ఖాతాలో డబ్బులేక అప్పు కిస్తీ వెనక్కిపోతే, చెక్కు బౌన్సుతో సమానంగా చూసి శిక్ష వేసే వీలు 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షనులో ఉంది. కాబట్టి గడువుకు ముందే వెళ్లి అప్పిచ్చినవాడితో మాట్లాడాలి.

ఎ షెడ్యూలు చూసి వాడే ఆశ్చర్యపోయాడు. రెండు యాప్‌లు ఫోనులోంచి ఎప్పుడో తీసేశాడట. యాప్ తీసేస్తే బ్యాంకుకిచ్చిన అనుమతి పోదు. ఇంకా ఘోరమేమిటంటే, కొన్ని క్రెడిట్ కార్డు మీద పోతున్నాయి. కార్డు బాకీ మిగిలితే వడ్డీ సాధారణంగా నెలకు 3 శాతం పైచిలుకు. పాలామె వడ్డీ లేకుండా మోసిన చెడ్డ నెలను, ఇప్పుడు మన పద్దులోనే వడ్డీతో సహా రాస్తున్నారన్నమాట.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. కార్డులు, వాలెట్ల మీద నెలనెలా తనంతట తాను పోయే చెల్లింపులకు 24 గంటల ముందు కబురు పెట్టాలనీ, వద్దనుకుంటే అప్పుడే ఆపుకునే వీలుండాలనీ రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. యు.పి.ఐ. ఆటోపే 2020 జులైలో వచ్చింది. ఏయే అనుమతులిచ్చామో ఆ యాప్‌లోనే చూసి రద్దు చేసుకోవచ్చు. చేరడం తేలికచేసి మానడం కష్టం చేసే చందాల వలను, 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తప్పుడు పద్ధతుల జాబితాలో చేర్చింది. ఇవన్నీ మంచివే. కానీ ఆ 24 గంటల కబురు, రోజూ వచ్చే వంద మెసేజీల్లో ఒకటిగా వస్తుంది. ఆపాల్సిన పని పూర్తిగా మన మీదే ఉంది. చేతిలో పని పోయి, నిద్రపట్టక, ఫోను మోగితే గుండె దడదడలాడేవాడు మెసేజీలు చదవడు. అప్పులవాళ్ల ఉత్తరాలను విప్పకుండా సంచిలో వేసి అలాగే మా బల్ల మీద కుమ్మరించినవాళ్లు ఎందరో.

ఇక చట్టం సంగతి. 2016లో కొత్త దివాలా కోడు వచ్చింది. కంపెనీలకు అది నడుస్తోంది. మామూలు మనుషుల కోసం అందులో ఒక భాగం ఉంది. పిటిషను వేయగానే పాత అప్పుల మీద చర్యలన్నీ తాత్కాలికంగా ఆగిపోవాలనీ, ఏడాది ఆదాయం 60,000 రూపాయలు మించక, అప్పులు 35,000 లోపుండి, సొంత ఇల్లు లేనివాడికి కొత్త జీవితం మొదలుపెట్టే వీలుండాలనీ అందులో రాశారు. కంపెనీల అప్పులకు పూచీపడ్డవాళ్లకు తప్ప మిగతావాళ్లకు ఆ భాగం అమల్లోకి రాలేదు. తెనాలిలో రేపు ఒక కిరాణా వర్తకుడు ఐ.పి. పెట్టాలన్నా అదే 1920 చట్టం, కనీసం 500 రూపాయల అప్పు ఉండాలన్న అదే మాట.

ఆ భాగాన్ని అమలుచేసే రోజు వస్తే, ఒక పాత గుమాస్తా మనవి ఒకటుంది. పిటిషనుకు నంబరు పడిన పూట ఆ మనిషి పేరున ఉన్న చందాల ఆటోపేలన్నీ బ్యాంకే ఆపేయాలి, కావలసినవాటిని అతను మళ్లీ ఒక్కొక్కటిగా అనుమతించుకోవాలి. బీమాను మాత్రం అడగకుండా ఆపకూడదు. ఇప్పుడు నడుస్తున్నది దీనికి తలకిందుల పద్ధతి. వద్దన్నదాకా అన్నీ పోతూనే ఉంటాయి. మేర కొలిచిన రోజుల్లో చెడ్డ ఏడాది లెక్కలోనే ఉండేది, పాలవాడుకలో అది మాటలో ఉండేది, బీమాలో షరతుగా ఉంది. ఆటోపేలో దానికి చోటే పెట్టలేదు. పెట్టాల్సింది చట్టం చేసేవాళ్లు. అందాకా, చేతిలో డబ్బు తగ్గిందని తెలిసిన వారంలోనే పన్నెండు నెలల స్టేట్‌మెంటు ముందేసుకుని ఆ మూడు షెడ్యూళ్లూ ఎవరికి వాళ్లే రాసుకోవాలి. దానికి ప్లీడరూ అక్కర్లేదు, గుమాస్తా ఫీజూ అక్కర్లేదు.